తక్కువ బడ్జెట్‌లో పాటలకు మంచి హెడ్‌ఫోన్స్ ఎంచుకోవడం ఎలా

ఐదు వేల లోపు పాటలు నిజంగా బాగా వినిపించే హెడ్‌ఫోన్స్ దొరుకుతాయా అంటే, దొరుకుతాయి. రెండు వేలకే దొరుకుతాయి. కాకపోతే అవి టీవీ ప్రకటనల్లో కనిపించవు, వీధి చివర మొబైల్ షాపులో అడిగితే వాళ్ళు ఆ పేరే విని ఉండరు. ఒకప్పుడు మంచి సౌండ్ కావాలంటే పెద్ద బ్రాండ్ల దగ్గరికి వెళ్ళి గట్టిగా ఖర్చు పెట్టక తప్పేది కాదు. గత నాలుగైదేళ్ళలో చైనా కంపెనీలు పోటీపడి ఆ పరిస్థితిని మార్చేశాయి. అందుకే ఇప్పుడు చూసుకోవాల్సింది ఎంత డబ్బు పెడుతున్నామని కాదు, ఆ డబ్బు సౌండ్ మీదకు వెళుతోందా, లేక డబ్బా మీదకూ బ్లూటూత్ మీదకూ క్రికెటర్ ఫొటో మీదకూ వెళుతోందా అన్నది.

ధర ఎక్కువైతే సౌండ్ బాగుంటుందని మనందరికీ ఒక నమ్మకం. 2017లో యెరూన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్స్ కొలతలు ముందేసుకుని, వాటి ధరకూ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కూ, అంటే ఏ స్థాయి శబ్దం ఎంత బలంగా పలుకుతుందన్న దానికీ ఏమైనా సంబంధం ఉందేమోనని వెతికితే, ఏమీ కనిపించలేదు. మనలాంటి వాళ్ళకి ఇంతకంటే మంచి కబురు లేదు. ఖరీదైనవన్నీ చెత్త అని దీని అర్థం కాదు, ధరను చూసి సౌండ్‌ను ఊహించలేమని మాత్రమే. వేరే దారిలో వెతకాలి, ఆ దారే కింద రాస్తున్నాను. ధరలు రోజూ మారుతుంటాయి కాబట్టి నేను చెప్పేవన్నీ సుమారుగా తీసుకోండి.

ముందు ఎక్కడ వింటారో తేల్చుకోండి

చాలామంది ఇది వదిలేసి నేరుగా మోడల్స్ చూడటం మొదలుపెడతారు, చివరికి ఇంట్లో ఫ్యాను కింద అద్భుతంగా ఉన్నది బస్సులో పనికిరాకుండా పోతుంది. బస్సు ఇంజను, రైలు, ఏసీ, ఇవన్నీ చేసేది కింది స్థాయి హోరు. ఆ హోరు పాటలోని బేస్‌ని మింగేస్తుంది, బేస్ వినపడక మనం వాల్యూమ్ పెంచుతాం, పెంచేసరికి పై స్వరాలు చెవిలో గుచ్చుకుంటాయి. కాబట్టి ప్రయాణాల్లో వినేవాళ్ళకి బయటి శబ్దాన్ని ఆపేవే కావాలి. అంటే చెవి రంధ్రంలోకి దిగే ఇన్-ఇయర్ రకం, లేదా చెవిని పూర్తిగా కప్పే క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్స్.

ఇంట్లో, ఒక్కరే ఉన్న గదిలో, రాత్రిపూట నింపాదిగా వినేవాళ్ళైతే ఓపెన్ బ్యాక్ రకం చూడండి. వీటికి కప్పుల వెనక జాలీ ఉంటుంది, సౌండ్ బయటికీ వెళుతుంది, బయటిది లోపలికీ వస్తుంది. పాట తలలోపల ఇరుక్కున్నట్టు కాకుండా కాస్త విశాలంగా, గాలాడుతున్నట్టు ఉంటుంది. కానీ పక్కన ఎవరైనా పడుకుని ఉంటే కుదరదు.

మన ఎండల సంగతి కూడా ఆలోచించుకోవాలి. మే నెలలో ఏసీ లేని గదిలో రెక్సిన్ కుషన్లు ఉన్న పెద్ద హెడ్‌ఫోన్స్ అరగంట పెట్టుకుంటే చెవుల చుట్టూ చెమట కారుతుంది. పైగా ఆ రెక్సిన్ మన తేమకీ చెమటకీ ఏడాది రెండేళ్ళలో పెచ్చులూడి, నల్లటి పొట్టు చెంపలకు అంటుకుంటుంది. తీసి మార్చుకునే వీలున్న కుషన్లు ఉన్నవే కొనండి. వాటి జత విడిగా దొరుకుతుందో లేదో ముందే చూసుకోండి.

మీ బడ్జెట్ మూడు వేల లోపైతే నా సలహా సూటిగా ఒకటే, వైరు ఉన్న ఇన్-ఇయర్ తీసుకోండి. పెద్ద హెడ్‌ఫోన్స్‌లో డబ్బు సగం బ్యాండుకీ, మడతలకీ, కుషన్లకీ పోతుంది. ఇన్-ఇయర్‌లో ఆ ఖర్చు లేదు, చిన్న డ్రైవర్ (శబ్దం పుట్టించే బుల్లి స్పీకర్), చిన్న గూడు, ఒక వైరు, అంతే. అందుకే అదే డబ్బుకి సౌండ్ ఎక్కువ వస్తుంది.

వైరా, వైర్‌లెస్సా

వైర్‌లెస్ హాయిగా ఉంటుంది, కాదనను. కానీ పదిహేను వందల ఇయర్‌బడ్స్‌లో ఏమేం ఉంటాయో లెక్కేసుకోండి. మూడు బ్యాటరీలు (చెవికొకటి, కేసులో ఒకటి), బ్లూటూత్ చిప్, మైకులు, ఛార్జింగ్ కేసు, టచ్ సెన్సర్లు. ఇవన్నీ పోగా సౌండ్‌కి మిగిలేది ఎంత? పైగా రెండు మూడేళ్ళలో బ్యాటరీ దిగిపోతుంది, అందులో ఒక చెవిది ముందు దిగిపోతుంది, బ్యాటరీ మార్చే వీలుండదు కాబట్టి మొత్తం పారేయాల్సిందే. వైరు ఉన్న మంచి జత, వైరు మార్చుకుంటూ పోతే ఏళ్ళ తరబడి నడుస్తుంది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. బ్లూటూత్ వల్లే సౌండ్ పాడవుతుందని చాలామంది అనుకుంటారు, అందుకని ఎల్‌డీఏసీ ఉందా, ఆప్ట్‌ఎక్స్ ఉందా అని కోడెక్ పేర్లు, అంటే పాటని కుదించి గాల్లో పంపే పద్ధతుల పేర్లు, వెతుకుతారు. ఎల్‌డీఏసీ సెకనుకి 990 కిలోబిట్ల దాకా పంపగలదు, నిజమే. కానీ చవక ఇయర్‌బడ్స్‌లో అసలు లోపం గాల్లో జరిగే ప్రయాణంలో లేదు, ట్యూనింగ్‌లో, అంటే ఏ స్వరం ఎంత గట్టిగా పలకాలన్న అమరికలో ఉంది. బేస్‌ని విపరీతంగా పెంచి, గొంతుని వెనక్కి నెట్టేసిన జతకి ఎల్‌డీఏసీ తగిలిస్తే అదే చెడ్డ సౌండ్ ఇంకా శుభ్రంగా వినిపిస్తుంది తప్ప బాగుపడదు. మామూలు ఏఏసీ, ఎస్‌బీసీ చాలు.

మీకు వైర్‌లెస్ తప్పనిసరి అయితే ఒక్క షరతు పెట్టుకోండి. దాని యాప్‌లో ఈక్వలైజర్ ఉండాలి, బేస్ బూస్ట్ అని ఒక బటన్ మాత్రమే కాదు, స్థాయిల వారీగా మనమే పెంచి తగ్గించుకునేది. సోనీ డబ్ల్యూహెచ్-సీహెచ్520 లాంటివి ఈ కోవలోకి వస్తాయి, చెవి మీద ఆనుకునే రకం, యాప్‌లో సౌండ్ సరిచేసుకోవచ్చు. చెవి మీద ఆనేవి కొందరికి గంటలో నొప్పి పుట్టిస్తాయి, కళ్ళజోడు ఉన్నవాళ్ళకి మరీను.

ఫోన్‌కి జాక్ లేకపోతే

2016లో ఐఫోన్ 7 జాక్ తీసేసినప్పటి నుంచి ఒక్కొక్కరూ అదే బాట పట్టారు. అంత మాత్రాన వైరు వదులుకోనక్కర్లేదు. టైప్-సీ నుంచి 3.5 ఎంఎం జాక్‌కి మార్చే చిన్న డాంగిల్ కావాలి, అందులోనే ఒక చిట్కా ఉంది. రోడ్డు పక్కన వందకో నూట యాభైకో దొరికే డాంగిల్స్‌లో కొన్నింటి లోపల చిప్పే ఉండదు, ఉత్త తీగలు మాత్రమే ఉంటాయి. అవి కొన్ని ఫోన్లలోనే పనిచేస్తాయి, మిగతావాటిలో పెడితే శబ్దమే రాదు. మీరు కొనేది "డీఏసీ" ఉన్న డాంగిల్ అయి ఉండాలి, అంటే డిజిటల్ సంకేతాన్ని చెవికి వినపడే శబ్దంగా మార్చే చిప్ దాంట్లోనే ఉండాలి. యాపిల్ అమ్మే టైప్-సీ డాంగిల్ చిన్నదైనా చాలా శుభ్రమైన సౌండ్ ఇస్తుంది, కాకపోతే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని వాల్యూమ్ తక్కువగా వస్తుంది. ఇన్-ఇయర్స్‌కి ఆ తక్కువ కూడా సరిపోతుంది, పెద్ద హెడ్‌ఫోన్స్‌కి సరిపోకపోవచ్చు. కొన్ని ఇన్-ఇయర్స్ నేరుగా టైప్-సీ పిన్నుతోనే వస్తున్నాయి, డాంగిల్ పోగొట్టుకునే అలవాటున్న వాళ్ళకి అవే మేలు.

డాంగిల్ ఖర్చు కూడా బడ్జెట్‌లో కలుపుకోండి. హెడ్‌ఫోన్స్‌కే మొత్తం పెట్టేసి తర్వాత డాంగిల్ కోసం వెతుక్కోవద్దు.

డబ్బా మీద రాసినవి నమ్మి కొనొద్దు

"20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్" అని దాదాపు ప్రతి డబ్బా మీదా ఉంటుంది. మనిషి చెవి వినగలిగే పరిధే అది. మూడొందల ఇయర్‌ఫోన్స్ మీదా అదే అంకె, ముప్పై వేల వాటి మీదా అదే. ఆ పరిధిలో ఏది ఎంత గట్టిగా, ఎంత మెల్లగా పలుకుతుందో చెప్పనంతవరకూ ఆ అంకెతో మనకి పని లేదు.

బంగారు రంగు "హై-రెస్" స్టిక్కర్ సంగతీ అంతే. జపాన్ ఆడియో సొసైటీ ఇచ్చే ఆ గుర్తుకి హెడ్‌ఫోన్స్ 40,000 హెర్ట్జ్ దాకా పలకాలి, అంటే మనం వినలేని దాకా. వయసు ముప్పై నలభై దాటాక మనకి 20,000 కూడా వినపడదు. డ్రైవర్ 13 ఎంఎం కాబట్టి 10 ఎంఎం కంటే మేలనడం, చెవికి ఐదు డ్రైవర్లున్నాయి కాబట్టి ఒక్కటున్న దానికంటే ఐదు రెట్లు బాగుంటుందనడం, ఇవీ అంతే. చవకలో అయితే ఒక్క డైనమిక్ డ్రైవర్‌ని శ్రద్ధగా ట్యూన్ చేసినదే మంచిది, నాలుగైదు చవక డ్రైవర్లు కుక్కితే అవి ఒకదానితో ఒకటి కలవక పాట అతుకుల బొంతలా వినిపిస్తుంది.

డబ్బా మీద పనికొచ్చే అంకె ఒకటుంది, ఇంపీడెన్స్. ఓమ్స్‌లో రాస్తారు. 16 నుంచి 32 దాకా ఉంటే సాధారణంగా ఏ ఫోనైనా సునాయాసంగా మోగిస్తుంది. 250 ఓమ్స్ ఉన్న స్టూడియో హెడ్‌ఫోన్స్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కనిపించాయని ఆశపడితే, ఫోన్‌కి పెట్టినప్పుడు నీరసంగా పాడతాయి, వాటికి విడిగా ఆంప్, అంటే సంకేతానికి బలమిచ్చే పరికరం, కావాలి.

గ్రాఫ్ చూడటం నేర్చుకోండి, గంటలో వస్తుంది

ఇన్-ఇయర్స్‌ని కొలిచి గ్రాఫులు పెట్టే వాళ్ళు ఇంటర్నెట్‌లో బోలెడు మంది ఉన్నారు. సింగపూర్‌కి చెందిన క్రినాకిల్ వీళ్ళలో పేరున్న వాడు. మోడల్ పేరు పక్కన "గ్రాఫ్" అని వెతికితే చాలు. ఎడమ వైపు బేస్, మధ్యలో గొంతులూ వాయిద్యాలూ, కుడి వైపు ట్రెబుల్, అంటే పై స్వరాలు. గీత పైకుంటే ఆ భాగం గట్టిగా, కిందికుంటే మెల్లగా వినిపిస్తుందని లెక్క.

మొదటిసారి చూసేవాళ్ళకి ఒక అనుమానం వస్తుంది. మంచివని పేరున్న వాటి గ్రాఫ్ కూడా సమంగా ఉండదు, 3,000 హెర్ట్జ్ దగ్గర ఒక గుట్టలా లేస్తుంది. అది లోపం కాదు, ఉండాల్సిందే. స్పీకర్లోంచి వచ్చే శబ్దాన్ని మన చెవి డొప్ప, చెవి గొట్టం కలిసి సహజంగానే ఆ ప్రాంతంలో పెంచుతాయి. ఇన్-ఇయర్ పెట్టుకుంటే శబ్దం ఆ డొప్పని దాటేసి లోపలే పుడుతుంది, గొట్టం కూడా మూసుకుపోతుంది, కాబట్టి ఆ పెంపు ఇయర్‌ఫోనే ఇవ్వాలి. అది లేకపోతే గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటుంది. 8,000 దగ్గర కనిపించే మొనని చూసి కూడా భయపడకండి, అది చాలావరకు కొలిచే యంత్రం గొట్టంలో వచ్చే ప్రతిధ్వని.

హార్మన్ అనే ఆడియో కంపెనీలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ బృందం 2012 నుంచి ఏళ్ళపాటు జనాన్ని కూర్చోబెట్టి, ఏ హెడ్‌ఫోన్స్ అన్నది తెలియకుండా వినిపించి, ఎక్కువమందికి ఏ సౌండ్ నచ్చుతుందో తేల్చారు. ఆ గీతనే హార్మన్ టార్గెట్ అంటారు. గొంతు సహజంగా, బేస్ కాస్త పైకి, ట్రెబుల్ మితంగా ఉంటుంది. చవక ఇన్-ఇయర్స్ ఇంత బాగుపడటానికి ఇదొక పెద్ద కారణం, కంపెనీలకి గురి పెట్టుకోవడానికి ఒక గీత దొరికింది. మీరు చూసే మోడల్ ఆ గీతకి దగ్గరగా ఉంటే నిర్భయంగా జాబితాలో పెట్టుకోండి. 200 హెర్ట్జ్ చుట్టుపక్కల బాగా ఉబ్బి ఉంటే మాత్రం ఆలోచించండి, మొబైల్ షాపుల్లో దొరికే "ఎక్స్‌ట్రా బేస్" రకాల్లో గొంతులు బరువుగా, బుంగలో మాట్లాడినట్టు ఉండటానికి కారణం అదే.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలంటే

రెండు వేలు అటూ ఇటూ అయితే మూన్‌డ్రాప్ చూ 2, లేదా సెవెన్ హెర్ట్జ్ జీరో 2. మొదటిది గొంతు మీద ప్రేమ ఉన్నవాళ్ళకి, కర్ణాటక సంగీతం, పాత పాటలు, గజల్స్ వినేవాళ్ళకి బాగుంటుంది. రెండోది క్రినాకిల్‌తో కలిసి ట్యూన్ చేసింది, బేస్ కాస్త నిండుగా ఉంటుంది, కొత్త సినిమా పాటలకి ఇదే నా ఓటు. రెండింటికీ వైరు ఊడదీసి మార్చుకోవచ్చు. కాస్త మెత్తగా, ట్రెబుల్ గుచ్చుకోకుండా కావాలంటే టాంగ్జూ వానర్ చూడండి. వెయ్యి లోపే పెట్టగలిగితే కేజెడ్ కంపెనీ చవక మోడల్స్ ఉన్నాయి, బేస్, ట్రెబుల్ రెండూ ఎగదోసి ఉంటాయి, హుషారుగా ఉంటుంది కానీ ఎక్కువసేపు వింటే అలసట వస్తుంది.

చెవిలో ఏదీ దూర్చుకోవడం ఇష్టం లేని వాళ్ళున్నారు, వాళ్ళకి కాస్ కేఎస్‌సీ75 చెప్తాను. చెవికి కొక్కెంలా తగిలించుకునేది, చూడటానికి బొమ్మలా ఉంటుంది, గొంతులు, గిటారు, వీణ దాని మీద వినండి, అంత ధరకి అంత సహజంగా ఉండటం ఆశ్చర్యమేస్తుంది. లోతైన బేస్ మాత్రం ఉండదు, డీజే పాటలకి పనికిరాదు. అదే కంపెనీ 1984లో తెచ్చిన పోర్టా ప్రో ఇప్పటికీ అమ్ముతున్నారు, అది ఇంకాస్త వెచ్చగా పలుకుతుంది.

చెవిని కప్పే పెద్దవే కావాలంటే ఐదు వేల చుట్టూ ఆడియో టెక్నికా ఏటీహెచ్-ఎం20ఎక్స్ నమ్మదగినది, కాకపోతే దాని వైరు మూడు మీటర్లు, అది ఊడి రాదు కూడా, కంప్యూటర్ ముందు కూర్చుని వినేవాళ్ళకే అనుకూలం.

చెవికి అతకడం

ఇన్ని మోడల్స్ చెప్పాక కూడా, ఇన్-ఇయర్ బాగుండటం బాగోకపోవడం ఎక్కువగా తేలేది ఇక్కడే. "బేస్ అస్సలు లేదు, డబ్బులు దండగ" అని రివ్యూలు రాసేవాళ్ళలో చాలామందికి టిప్, అంటే చెవిలోకి దూరే మెత్తని తొడుగు, సరిగ్గా కూర్చోలేదు, అంతే. టిప్‌కీ చెవి గోడకీ మధ్య సన్నని సందున్నా బేస్ అందులోంచి కారిపోతుంది, మిగిలిన సౌండ్ రేకు డబ్బాలా ఉంటుంది.

పెట్టుకునే పద్ధతి ఇలా. ఈ రకం ఇయర్‌ఫోన్స్ వైరు కిందికి వేలాడదు, చెవి పైనుంచి వెనక్కి తిరిగి వెళుతుంది. ఎల్, ఆర్ చూసుకోండి. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చేతిని తల వెనకనుంచి తిప్పి చెవి పైభాగాన్ని పట్టుకుని కాస్త పైకి, వెనక్కి లాగండి, చెవి గొట్టం తిన్నగా అవుతుంది. ఇప్పుడు ఇయర్‌ఫోన్ లోపలికి తోస్తూ కొద్దిగా ముందుకీ వెనక్కీ తిప్పండి. చెవి వదిలేయండి. సరిగ్గా కూర్చుంటే ఫ్యాను చప్పుడు ఒక్కసారిగా దూరమైపోతుంది, మీరు మాట్లాడితే మీ గొంతు మీకే తలలోపల గుమ్మని వినిపిస్తుంది. ఆ గుమ్మనడం రెండు చెవుల్లోనూ సమానంగా ఉండాలి. పెద్దగా దవడ ఆడించినా, తల ఊపినా బేస్ తగ్గకూడదు.

డబ్బాలో సాధారణంగా మూడు సైజుల టిప్స్ ఇస్తారు. మధ్యది బిగించి ఉంటుంది, అదే ఉంచేసుకోకండి, మూడూ వేసి చూడండి. రెండు చెవులకీ రెండు వేర్వేరు సైజులు పట్టడం మామూలే, చాలామందికి అంతే. ఏ సైజూ కుదరకపోతే ఫోమ్ టిప్స్ విడిగా దొరుకుతాయి, వేళ్ళతో నలిపి పెడితే చెవిలో విచ్చుకుని సందులు మూసేస్తాయి. ట్రెబుల్‌ని కొద్దిగా మెత్తబరుస్తాయి కూడా, గుచ్చుకునే జతకి అదొక మందు. నొప్పి పెడుతుంటే సైజు పెద్దదైందని అర్థం, ఓర్చుకుంటే అలవాటవుతుందిలే అనుకోవద్దు.

మీకు కంఠతా వచ్చిన పాటలతో పరీక్షించండి

షాపులో వాళ్ళు పెట్టే డెమో పాట వినొద్దు, అది ఆ జతకి నప్పేదే అయి ఉంటుంది. మీ ఫోన్లో మీ పాటలే పెట్టండి. దానికి ముందు రెండు పనులు చేయాలి. ఫోన్లో డాల్బీ, బేస్ బూస్ట్ లాంటివన్నీ ఆపేయండి. పాటల యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆడియో క్వాలిటీని పైదానికి మార్చండి, చాలా ఫోన్లలో డేటా ఆదా కోసం అది తక్కువలోనే పడి ఉంటుంది. ఎప్పుడో డౌన్‌లోడ్ చేసుకున్న 128 కేబీపీఎస్ ఎంపీ3లతో పరీక్ష పెడితే తాళాల చప్పుడు నీళ్ళలో కలిసినట్టు వస్తుంది, తప్పు హెడ్‌ఫోన్స్ మీద పడుతుంది.

మొదట ఒక పాత పాట పెట్టండి. ఘంటసాల పాడిన రోజుల్లో మన సినిమా పాటలు చాలామటుకు మోనోలోనే రికార్డయ్యాయి, అంటే రెండు చెవులకీ అచ్చంగా ఒకటే శబ్దం వెళుతుంది. ఆ గొంతు మీ నుదుటి మధ్యలో నిలబడాలి. ఎడమకో కుడికో జరిగితే ముందు టిప్స్ సరిచేయండి, అప్పటికీ జరిగే ఉంటే ఆ జతలో ఒక వైపు తేడా ఉందన్నమాట, మార్చమని అడగండి. ఇంత సులువైన పరీక్ష ఇంకోటి లేదు.

తర్వాత మృదంగం బాగా వినిపించే కచేరీ ఒకటి. ఇది కొంచెం ఓపిగ్గా వినండి. మృదంగానికి ఎడమ వైపు మూత తొప్పి, దాని మీద అరచేతి మడమతో ఒత్తుతూ వాయించినప్పుడు వచ్చే శబ్దం ఒక్క దెబ్బలా ఆగదు, కింది నుంచి పైకి జారుతుంది, గుమ్కీ అంటారు. మంచి జతలో ఆ జారుడు స్పష్టంగా వినిపిస్తుంది, బేస్ ఉబ్బిన జతలో అది ఉత్త "ధబ్" అని పోతుంది. కుడి వైపు కరణి (నల్లటి గుండ్రని పూత) ఉన్న మూత మీద వేలి దెబ్బ లోహంలా ఖంగుమనాలి, ఆ ఖంగుమనడం ఇంకా ఉండగానే ఎడమ దెబ్బ పడితే రెండూ విడివిడిగా తెలియాలి. ఇలా తెలుస్తుంటే ఆ జత బేస్ కూడా, ట్రెబుల్ కూడా బాగున్నట్టే. వెనక తంబురా మీద చెవి పెట్టండి, ఒక్కో తీగ మీటాక వచ్చే జుమ్మనే నాదం మెల్లగా విచ్చుకోవాలి, ఇసుక రాలినట్టు గరగరలాడకూడదు. వయొలిన్ పై స్థాయిలో కమాను లాగినప్పుడు కళ్ళు చిట్లించాల్సి వస్తే ట్రెబుల్ ఎక్కువైంది.

ఆడ గొంతు పాడిన పాటలో "స, శ, ష" అక్షరాల దగ్గర జాగ్రత్తగా వినండి. ప్రతి "స" దగ్గరా "ట్స్" అని పొడుచుకొస్తుంటే, మొదటి పది నిమిషాలు ఎంత స్పష్టంగా ఉన్నట్టు అనిపించినా నెలలోపు మీరు ఆ జత పక్కన పడేస్తారు. ఇది నేను గట్టిగా నమ్మే మాట. షాపులో "క్లారిటీ అదిరింది" అనిపించే చాలా హెడ్‌ఫోన్స్ నిజానికి ట్రెబుల్ పెంచినవే.

చివరగా డప్పులూ తీన్‌మారూ దంచే పాటో, మాస్ బీటో పెట్టి, గట్టి దెబ్బ పడినప్పుడల్లా గొంతు మునిగిపోతోందా అని చూడండి. మునగకూడదు.

రెండు జతల్ని పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానం చేయడం మర్చిపోకండి. కొద్దిగా గట్టిగా మోగేదే మన చెవికి మెరుగ్గా అనిపిస్తుంది, మనిషి చెవి తీరే అంత.

కొనేటప్పుడు

హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, అబిడ్స్ జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల చవగ్గా దొరుకుతాయి నిజమే, కానీ పెద్ద బ్రాండ్ పేరుతో నకిలీలు ఏ ఊరి బజారులోనైనా తిరుగుతుంటాయి. వెయ్యి దాటిన దానికి జీఎస్‌టీ బిల్లు, వారంటీ రెండూ లేకుండా కొనొద్దు. పైన చెప్పిన ఇన్-ఇయర్స్ ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి, చెన్నై నుంచి నడిచే హెడ్‌ఫోన్ జోన్ లాంటి ఇందుకోసమే ఉన్న దుకాణాలూ ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఒక్కటి చూసుకోండి, "రిటర్న్" ఉందా, "రీప్లేస్‌మెంట్" మాత్రమే ఉందా అని. రెండోదైతే సౌండ్ నచ్చలేదని డబ్బు వెనక్కి రాదు, పాడైతే ఇంకోటి ఇస్తారంతే. ఇన్‌వాయిస్ దాచుకోండి. అమెరికా నుంచి ఎవరైనా వస్తూ తెస్తామంటే ధర కలిసొస్తుందేమో గానీ, చాలా కంపెనీల వారంటీ ఇక్కడ చెల్లదు, రెండు మూడు వేల జతకి ఆ శ్రమ అనవసరం.

కాల్స్ మాట్లాడేది ఉంటే మైక్ ఉన్న వైరు రకం అడగండి, ఒకే మోడల్ మైక్‌తోనూ మైక్ లేకుండానూ అమ్ముతారు.

కొన్నాక మొదటి వారం

ఇన్నాళ్ళూ బేస్ దంచే జతతో విన్నవాళ్ళకి కొత్తది మొదట చప్పగా అనిపిస్తుంది. వెంటనే తిరిగి పంపకండి, నాలుగు రోజులు అదొక్కటే వినండి, తర్వాత పాతది పెట్టి చూడండి, అప్పుడు తెలుస్తుంది. వంద గంటలు మోగిస్తే సౌండ్ విచ్చుకుంటుందని కొందరంటారు, నేను నమ్మను, మారేది మన చెవి.

అప్పటికీ ఏదో తక్కువైతే ఈక్వలైజర్ ఉంది. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ అనే యాప్‌లో మోడల్ పేరు ఎంచుకుంటే దానికి తగ్గ సవరణ అదే పెట్టుకుంటుంది. విండోస్ కంప్యూటర్‌లో ఈక్వలైజర్ ఏపీఓ ఉచితం. ఐఫోన్‌లో అన్ని యాప్‌లకీ పనిచేసేది లేకపోయినా స్పాటిఫై లాంటి వాటికి సొంత ఈక్వలైజర్ ఉంది. చేత్తో చేసుకునేవాళ్ళు "స" గుచ్చుకుంటే 6,000 నుంచి 8,000 మధ్య రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి, బుంగలా ఉంటే 200, 300 దగ్గర రెండు తగ్గించండి, బేస్ కావాలంటే 100 కింద మూడు నాలుగు పెంచండి. ఏదైనా పెంచినప్పుడు మొత్తం స్థాయిని అంతే తగ్గించాలి, లేకపోతే గట్టి చోట్ల సౌండ్ చీలిపోతుంది.

మంచి జత చేతికొచ్చాక వాల్యూమ్ పెరుగుతూ పోతుంది, ఎందుకంటే గట్టిగా పెట్టినా గుచ్చుకోదు. ఇక్కడ మాత్రం జాగ్రత్తగా ఉండండి. పెద్దవాళ్ళకి వారానికి 40 గంటల చొప్పున 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, అదే 90 డెసిబెల్స్ అయితే వారానికి నాలుగు గంటలే. చెవిలో గుయ్యిమనే మోత పాట ఆపాక కూడా ఉంటే అప్పటికే హద్దు దాటారని అర్థం, ఒకసారి పోయిన వినికిడి తిరిగి రాదు. ఇన్-ఇయర్ సరిగ్గా కూర్చుంటే బయటి హోరు తగ్గిపోతుంది కాబట్టి బస్సులో కూడా తక్కువ వాల్యూమ్ చాలు.

సంరక్షణకి పెద్దగా ఏం అక్కర్లేదు. వైరుని ఫోన్ చుట్టూ బిగించి చుట్టకండి, వదులుగా చుట్టి చిన్న డబ్బీలో వేయండి, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి అందులో పడేస్తే చెమట తడి పీల్చుకుంటుంది. వారానికోసారి టిప్స్ ఊడదీసి సబ్బు నీళ్ళలో కడిగి, పూర్తిగా ఆరాక బిగించండి. కొన్ని నెలల తర్వాత ఒక వైపు సౌండ్ తగ్గినట్టు అనిపిస్తే చెడిపోయిందని కంగారు పడొద్దు, నూటికి తొంభై పాళ్ళు అది గుబిలే. టిప్ తీసి, గొట్టం చివర ఉన్న సన్నని జాలీని వెలుతురులో చూడండి, పసుపు పచ్చగా మూసుకుపోయి కనిపిస్తుంది. గొట్టాన్ని కిందికి వంచి పట్టుకుని పాత మెత్తని టూత్‌బ్రష్‌తో, పొడిగానే, మెల్లగా గీరండి. పిన్నుతో పొడవకండి, జాలీ చిరిగితే చెత్త నేరుగా డ్రైవర్ మీదికి పోతుంది. ఇది చేశాక కూడా సౌండ్ రాకపోతే వైరు రెండు వైపులా మార్చి తగిలించి చూడండి, లోపం అటు మారితే పోయింది వైరు మాత్రమే, నాలుగైదు వందలు పెడితే కొత్తది వస్తుంది.